ఖాళీలు మింగిన పేజీ

ఈ సంగతి నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఏలూరు ఆఫీసులో మేనేజరు గారికి చెప్పాను. హెడ్డాఫీసుకు రాశాను, జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. ఎవరూ నన్ను కసరలేదు, పొమ్మనలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించారు, తల ఊపారు, చివర్లో "చూద్దామండి" అన్నారు. మా గోదావరి వైపు ఒక మనిషి మాటను పాతిపెట్టడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. తిడితే తిరిగి తిట్టవచ్చు. "చూద్దామండి" అన్నవాణ్ణి ఏం చేయగలం?

నేను అడిగింది పెద్ద విషయం కాదు. ఆకివీడులో చెరువు నీళ్ళ పరీక్షల ఫలితాలు చదివే ఒకావిడ ఉద్యోగం పోయింది. తప్పు చదివిందన్నారు, అజాగ్రత్త మనిషన్నారు. ఆవిడ తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. తెర అలా కావడానికి కారకుడెవరో నాకు తెలుసు. ఆయన నోటితో ఆ మాట ఒక్కసారి చెప్పాలి. ఇన్నేళ్ళుగా అడుగుతున్నది అదే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మాది తాడేపల్లిగూడెం. మా నాన్న టైలరు. నేను కంప్యూటరు చదువు చదివి, రోజూ పాసింజరు బండిలో ఏలూరు వెళ్ళి ఒక కంపెనీలో పని చేసేవాణ్ణి. చేపల మేత, చెరువు మందులు, పశువుల దాణా అమ్మే కంపెనీ అది. ఆఫీసు మేడ మీద ఏసీ గదిలో సర్వరు ఉండేది. సర్వరుకు ఏసీ, నాకు మాత్రం చక్రం విరిగిన కుర్చీ. ఆ కుర్చీ గురించి కూడా చెప్పాను. దానికీ చూద్దామనే అన్నారు.

మా కంపెనీ మేత కొనే రైతులకు నీళ్ళ పరీక్ష ఉచితం. పొద్దున్నే ఆకివీడు బ్రాంచికి సీసాల్లో నీళ్ళు వచ్చేవి. ఏ రైతు, ఏ గట్టు, ఏ చెరువు అని సీసా మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేది. అక్కడి ల్యాబులో పరీక్ష చేసి విలువలు కంప్యూటరులో కొట్టేవారు. అవి టెలిఫోను లైను మీద ఏలూరు సర్వరుకు వచ్చేవి. మా ప్రోగ్రాము వాటిని పేజీగా మార్చి తిరిగి ఆకివీడు తెర మీద చూపించేది. అప్పుడు ఆవిడ ఫోను తీసుకుని ఒక్కొక్క రైతుకూ చదివేది.

ఇది కంప్యూటరు తెలిసినవాళ్ళకు వింతగా ఉంటుంది. పేజీ ఉన్నది కళ్ళతో చూసుకోవడానికి కదా అంటారు. కొల్లేటి గట్ల మీద ఉన్నవాళ్ళకు కంప్యూటరు ఎక్కడిది? కాపలా షెడ్డులో ఒక సెల్‌ఫోను, అదీ ఒక మూలకు వెళ్ళి నిలబడితేనే మోగేది. అందుకని ఫలితమంతా నోటి మీదే వెళ్ళేది. ఆవిడ ఒక చెరువు సంగతి చదివి ఆగాలి, అవతలివాళ్ళు దాన్ని తిరిగి అప్పజెప్పాలి, సరేనంటే తర్వాతి చెరువు. చెరువులో మేత బస్తాలు కట్టే ముందే ఇదంతా అయిపోవాలి. అమ్మోనియా ఎక్కువున్న చెరువుకు ఆ పూట మేత ఆపేసి, ఇంజను పెట్టి కొత్త నీళ్ళు తోడాలి. ఆ పేజీని మేం కళ్ళ కోసం తయారు చేశాం. వాడుకునేది నోరు, చెవి.

ఆవిడ ఆకివీడులోనే వలలు అమ్మే ముస్లిం కుటుంబం అమ్మాయి. ఇంట్లో చదువుకుని ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. ఫోనులో గొంతు గట్టిగా, తేటగా ఉండేది. రైతులు ఆవిడతో వేళాకోళం కూడా ఆడేవారు.

"అమ్మాయ్, మా చెరువు పాసా ఫెయిలా ముందు చెప్పమ్మా" అనేవాడు ఒకాయన.

"మీ చెరువు పాసేనండి. మీరే మొన్న సీసా మూత పెట్టకుండా పంపి ఫెయిలయ్యారు" అనేది.

కొల్లేటి చుట్టుపక్కల చెరువులను గట్ల పేరుతోనే చెబుతారు. ఒక రైతుకు తూర్పు గట్టు మీద కొన్ని, పడమటి గట్టు మీద కొన్ని ఉంటాయి. ప్రతి గట్టు మీదా నంబర్లు మళ్ళీ ఒకటి నుంచే మొదలు. నాలుగో చెరువు అంటే సరిపోదు, ఏ గట్టు నాలుగో చెప్పాలి. ల్యాబు నుంచి వచ్చే సమాచారం కూడా అలాగే ఒకదానిలో ఒకటి దూర్చి ఉండేది. రైతు లోపల గట్టు, గట్టు లోపల చెరువు, చెరువు లోపల పరీక్ష, పరీక్ష పక్కన విలువ. గట్టు పేరు మొదట్లో ఒక్కసారే వస్తుంది. యంత్రానికి అది చాలు. దానికి ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో గుర్తులు కనిపిస్తాయి. మనిషికి మాత్రం అదంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచిన చాపలా కనిపిస్తుంది.

నేను చేరకముందు మా ఇన్‌చార్జి గారు తయారు చేసిన పేజీ అచ్చంగా అలాగే ఉండేది. ఆయన హైదరాబాదులో పని చేసి వచ్చిన మనిషి, ఆ మాట రోజుకొకసారైనా మాకు గుర్తు చేసేవారు. సమాచారం వచ్చింది వచ్చినట్టు తెర మీద కుమ్మరించడమే ఆయన ప్రోగ్రాము. ఆకివీడు అమ్మాయి చెక్క స్కేలు తెర అద్దానికి ఆనించి, వరుస తప్పకుండా జరుపుకుంటూ చదివేది. బ్రాంచికి వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ అడగకుండానే ఆ పేజీని బాగు చేయడానికి కూర్చున్నాను.

నేను రాసింది చిన్న ముక్క. ప్రోగ్రాము ఒక పొర లోపలికి దిగినప్పుడల్లా కొత్త లైను వేస్తుంది, లైను ముందు కొన్ని ఖాళీలు పెడుతుంది. ఇంకో పొర దిగితే ఇంకొన్ని ఖాళీలు. పొర ముగిసి బయటికి వచ్చినప్పుడు ఖాళీలు తగ్గుతాయి. గట్టు ఎడమ అంచున ఉంటుంది, దాని కింద కొంచెం లోపలికి చెరువు, ఇంకొంచెం లోపలికి పరీక్షలు. చూడగానే దేని కింద ఏముందో తెలుస్తుంది. గళ్ళ పట్టీలా ఎందుకు చేయలేదని ఎవరైనా అడగవచ్చు. ఒక రైతుకు గట్లే ఉండవు, నేరుగా చెరువులే. ఒక చెరువుకు రెండు పరీక్షలు, ఇంకోదానికి ఆరు. గళ్ళు కుదరవు. పొరలను పొరలుగానే చూపించాలి.

ఆ ముక్క పెట్టిన రోజు ఇన్‌చార్జి గారిని, మేనేజరు గారిని పిలిచి పేజీ తెరిచాను. ఏమీ మారలేదు. అదే చాప. ఒక్క లైనూ విడలేదు.

"ఏదండీ మీ మార్పు?" అన్నారు ఇన్‌చార్జి గారు.

"ఖాళీలు ఉన్నాయండి. పేజీ వెనకాల ఉండే అసలు రాత, సోర్సు, తెరిచి చూడండి, అన్నీ ఉన్నాయి. బ్రౌజరు చూపించడం లేదు."

"వెనకాల ఉంటే మనకెందుకండీ? ఆకివీడు అమ్మాయి తెర వెనక్కి వెళ్ళి చదువుతుందా?"

గదిలో అందరూ నవ్వారు. మేనేజరు గారు కూడా. ఆ రోజు నుంచి నాకు ఖాళీల మాస్టారు అని పేరు పెట్టారు. టీ తెచ్చే మనిషి కూడా అలాగే పిలిచాడు. ఆ నవ్వినవాళ్ళందరూ నాకు ఇప్పటికీ గుర్తే.

బ్రౌజరుకు ఒక అలవాటు ఉంది. ఎన్ని ఖాళీలు పెట్టినా, ఎన్ని లైన్లు విడగొట్టినా వాటన్నిటినీ కలిపి ఒక్క ఖాళీగా మింగేస్తుంది. ఉన్నది ఉన్నట్టు చూపించు అని దానికి విడిగా ఒక ట్యాగ్ పెట్టి చెప్పాలి. మర్నాడు ఆ ట్యాగ్ పేజీ మొదట్లో ఒకటి, చివర్లో దాని జోడు ఒకటి పెట్టాను. అంతే, మెట్లు మెట్లుగా పేజీ విచ్చుకుంది. ఈసారి చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆకివీడు నుంచి ఫోను వచ్చింది. "ఏవండీ, ఇవాళ చదువుతూ మధ్యలో ఊపిరి తీసుకున్నానండి" అంది ఆవిడ. "స్కేలు మా తమ్ముడికి ఇచ్చేశాను, స్కూలుకు పట్టుకుపోయాడు."

ఆ మాట ఒక్కటే నాకు దక్కిన మెప్పు.

కొన్నాళ్ళు అలా సాగింది. తర్వాత డైరెక్టరు గారు ఏలూరు వస్తున్నారని కబురు వచ్చింది. ఆకివీడు పేజీని ఆయనకు చూపించాలని ఇన్‌చార్జి గారి ఉబలాటం. తన తయారీగా చూపించాలని. ఆ ట్యాగ్ పెడితే అక్షరాలు టైపు మిషను అక్షరాల్లా వస్తాయి. అది ఆయనకు నచ్చలేదు.

"ఏంటండీ ఇది, కోర్టు కాగితంలా ఉంది. డైరెక్టరు గారికి ఇది చూపిస్తామా?"

"అక్షరాల రూపం మార్చుకోవచ్చండి, దానికి వేరే దారి ఉంది. నేను చేసి పెడతాను. ఆ ట్యాగ్ మాత్రం తీయకండి. తీస్తే మళ్ళీ అంతా కలిసిపోతుంది."

"చూద్దామండి" అన్నారు ఆయన.

ఆ సాయంత్రమే నన్ను మర్నాడు పొద్దున్నే కామవరపుకోట వెళ్ళమన్నారు. అక్కడ మా దాణా డిపోలో కొత్త కంప్యూటరు పెట్టాలట. డైరెక్టరు వచ్చే రోజుకు నేను ఏలూరులో ఉండకూడదని పంపారని అప్పుడే అనుకున్నాను. అయినా వెళ్ళాను. జీతం తీసుకుంటున్నాం కాబట్టి వెళ్ళాలి.

ఆ రోజు ముసురు పట్టింది. కామవరపుకోట మెట్ట ప్రాంతం, అక్కడే ఆకాశం బూడిదరంగులో ఉంటే కొల్లేట్లో ఎలా ఉంటుందో ఊహించాను. ముసురు రోజు ఎండ లేక నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి, చెరువుల్లో చేపకు ప్రాణం ఇరుకు. డిపోలో దాణా బస్తాల మధ్య కంప్యూటరు వైర్లు కలుపుతుంటే ఫోను మోగింది. ఆకివీడు అమ్మాయి.

"ఏవండీ, మీరు పేజీ ఏమైనా మార్చారాండీ?"

"లేదే. ఏమైంది?"

"అంతా మళ్ళీ పాతలాగే ఒకటే ముద్దగా ఉందండి. అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయి. పొద్దున్నే ఏలూరు ఫోను చేస్తే ఇన్‌చార్జి గారు ఎత్తారు. డైరెక్టరు గారు వెళ్ళేదాకా ఓపిక పట్టమ్మా, తర్వాత చూద్దాం అన్నారు. నాకెందుకో భయంగా ఉండి మీకు చేశాను."

చేతిలో వైరు కింద పెట్టేశాను.

"ఫోన్లు చదివేశారా?"

"కలిదిండి ఆయనకొక్కరికే చదివానండి. ఆయనకు మేత కట్టే వేళయిపోతోందని తొందర పెట్టారు."

ఆ కలిదిండి రైతుకు తూర్పు గట్టు మీద, పడమటి గట్టు మీద రెండు చోట్లా చెరువులు ఉన్నాయని నాకు తెలుసు.

"ఆయనది నాకు చదవండి. ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా."

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. పడమటి గట్టు, ఒకటి, విలువలు, రెండు, విలువలు. ఎక్కడా ఆగే చోటు లేక గొంతు పరుగెడుతోంది. నంబర్లు పెరిగి ఒకచోట మళ్ళీ ఒకటికి వచ్చాయి.

"ఆగండి. ఆ ఒకటికి ముందు ఏముంది?"

ఆవిడ అంకెలు గొణుక్కుంటూ వెనక్కి వెతికింది.

"తూర్పు అని ఉందండి. లైను మధ్యలో ఇరుక్కుపోయి ఉంది. ఇప్పుడు మీరు అడిగితేనే కనబడిందండి. నేను ఒకటి, రెండు రెండోసారి వస్తే ఇంకో పరీక్ష అనుకున్నానండి. అమ్మోనియా ఉన్నది తూర్పు నాలుగండి. నేను పడమటి నాలుగని చెప్పేశాను. తొందరలో ఆయన కూడా తూర్పువి ఏవని అడగలేదు. పడమటి నాలుగుకు మేత ఆపేస్తానన్నాడాయన. తూర్పున కట్టేస్తాడు."

"వెంటనే ఫోను చేయండి."

చేసింది. మళ్ళీ చేసింది. గట్టు మీద ఎక్కడో ఉన్నాడు, మోగలేదు. షెడ్డు ఫోను కూడా పలకలేదు. అటు తూర్పు చెరువులో అప్పటికే తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, బస్తాలకు చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన కర్రలకు కడుతుంటారు. చేప ఆ చిల్లుల దగ్గర చేరి తింటుంది. అసలే విషం పెరిగిన నీళ్ళలో ఆ మేత పడితే, పైన ఎండ కూడా లేకపోతే, మధ్యాహ్నానికి చేప గాలి కోసం తల పైకెత్తుతుంది.

"నేను వెళ్తానండి" అంది ఆవిడ.

"ఎలా వెళ్తారు?"

"కలిదిండి వైపు చేపల లారీ ఒకటి బయల్దేరుతోందండి, మా నాన్నకు తెలిసిన డ్రైవరే. మిగతా వాళ్ళకు ఫోన్లు చేయవద్దని ల్యాబులో చెప్పి వెళ్తాను."

ఫోను పెట్టేసింది. నేను ఏలూరుకు చేశాను. ఇన్‌చార్జి గారు డైరెక్టరు గారితో ఉన్నారన్నారు. అర్జెంటని చెప్పమన్నాను. చెప్పామన్నారు. మళ్ళీ చేశాను. "ఆయన లైనులోకి రాలేరటండి, మీరు సాయంత్రం వచ్చాక మాట్లాడమన్నారు" అంది ఫోను ఎత్తినావిడ. ఆ ట్యాగ్ రెండు చోట్ల కొడితే చాలు, పేజీ సరయ్యేది. మిగతా రైతులందరూ ఆకివీడు ఫోను కోసం కాచుకుని కూర్చున్నారు. దాన్ని మార్చగల కంప్యూటర్లు ఏలూరులో ఉన్నాయి, నేను కామవరపుకోటలో బస్తాల మధ్య ఉన్నాను. డిపో గుమస్తా రెండుసార్లు వచ్చి కంప్యూటరు ఎప్పుడు వెలుగుతుందండీ అని అడిగి, నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది నాకు కలిదిండి రైతే చెప్పాడు. లారీ గట్టు దాకా పోలేదు, మలుపు దగ్గర దించేసింది. ఆ అమ్మాయి బురద గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చిందట. దూరం నుంచే "బస్తాలు విప్పండి! తూర్పువి విప్పేయండి!" అని అరిచిందట. మొదట ఎవరో వలల బాకీ కోసం గొడవకు వచ్చారనుకున్నాడట. అప్పటికే శీలావతి చేపలు నీళ్ళ మీదికి తలలు పెట్టి నోళ్ళు తెరుస్తున్నాయి. పడవ వేసి బస్తాలు కోసేశారు. పడమటి చెరువు దగ్గర అనవసరంగా నడుస్తున్న ఇంజనును ఊడదీసి మోసుకొచ్చి తూర్పున పెట్టారు. కొంత చేప బతికింది, కొంత పోయింది. బొచ్చె చేపలు ఎక్కువ పోయాయి. చచ్చిన చేపను గట్టు మీద పోస్తుంటే ఆ అమ్మాయి అక్కడే నిలబడి చూసిందట. ఎవరూ ఆవిడను ఏమీ అనలేదట.

నేను చీకటి పడకముందే ఏలూరు చేరాను. డైరెక్టరు గారు వెళ్ళిపోయారు. ఆఫీసులో మిఠాయి డబ్బా ఖాళీ అయి ఉంది. నా వంతు అని ఎవరూ ఒక్క ముక్క తీసి ఉంచలేదు. ఇది అల్పమైన విషయమని తెలుసు, అయినా చెబుతున్నాను. ఇన్‌చార్జి గారు ఇంటికి వెళ్ళిపోయారు, సర్వరు గదికి తాళం, మిగతా కంప్యూటర్లు కట్టేసి ఆఫీసు మూసేస్తున్నారు.

మర్నాడు విచారణ. మేనేజరు గారి గదిలో ఇన్‌చార్జి గారు, కలిదిండి రైతు, ఆకివీడు అమ్మాయి, నేను. ఆవిడ వాళ్ళ నాన్నను తోడు తెచ్చుకుంది. ఆయన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు.

మేనేజరు గారు చాలా మెత్తగా మొదలుపెట్టారు. "అమ్మా, ఏమీ కంగారు పడకండి. ఏం జరిగిందో చెప్పండి."

ఆవిడ చెప్పింది. పేజీ ముద్దగా మారిపోయిందని, పొద్దున్నే ఏలూరుకు ఫోను చేశానని, ఓపిక పట్టమన్నారని.

"నాకు ఫోనేమీ రాలేదే" అన్నారు ఇన్‌చార్జి గారు.

ఆవిడ తలెత్తి ఆయన వైపు చూసింది. "మీరే ఎత్తారండి. డైరెక్టరు గారు వెళ్ళేదాకా అన్నారు కదండీ."

"అమ్మా, నిన్న నాకు వంద ఫోన్లు. మీది మాత్రం లేదు." తర్వాత మేనేజరు గారి వైపు తిరిగారు. "సార్, పేజీ ఎలా ఉందో మీరే చూడండి. నిన్నటి ఫలితాలు ఇవి." కంప్యూటరు తెర మా వైపు తిప్పి సోర్సు తెరిచారు. ఖాళీలన్నీ ఉన్నాయి. నేను రాసిన మెట్లు, పొర కింద పొర, తూర్పు అన్న మాట ఎడమ అంచున స్పష్టంగా. "ఇంత శుభ్రంగా ఉంటే ఎవరైనా తప్పు చదువుతారాండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పనిని తెర వెనకాల ఉంటే ఎందుకన్న మనిషే ఇప్పుడు అదే వెనకాలను తెరిచి సాక్ష్యం పెడుతున్నాడు.

"అది సోర్సండి. ఆవిడ చూసేది అది కాదు. మామూలు పేజీ తెరవండి" అన్నాను.

"తెరుస్తానండి. దానికేం."

తెరిచారు. పేజీ కూడా మెట్లు మెట్లుగా వచ్చింది. టైపు మిషను అక్షరాల్లో, కోర్టు కాగితంలా.

ఆకివీడు అమ్మాయి ముందుకు వంగి తెర చూసింది. "నిన్న ఇలా లేదండి" అంది. చాలా చిన్నగా అంది.

నేను కుర్చీలోంచి లేచాను. "ఫైలు ఎప్పుడు మారిందో సర్వరే చెబుతుంది. చూడండి." చూశాం. ఆ ఉదయమే మారినట్టుంది, మేమెవరమూ ఆఫీసుకు రాకముందు. "పొద్దున్నే ట్యాగ్ తిరిగి పెట్టారు. అంటే అంతకుముందు తీసేశారు" అన్నాను.

"మరి తీసింది మీరు కాదని ఏంటండీ రుజువు? పాస్‌వర్డు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పేజీ మీద మీకున్నంత మోజు ఇక్కడెవరికీ లేదు."

"నేను కామవరపుకోటలో ఉన్నాను."

"మొన్న సాయంత్రం ఇక్కడే ఉన్నారు. నిన్న సాయంత్రం ఇక్కడికే వచ్చారు."

"సర్వరు గదికి తాళం ఉంది, తాళం మీ దగ్గరుంది."

"పేజీ మార్చడానికి గదిలోకి వెళ్ళాలాండీ? ఈ ఆఫీసులో ఏ కంప్యూటరు నుంచైనా మార్చవచ్చు. మీకు నేను చెప్పాలా?"

అది నిజం. మా ఇద్దరికీ ఒకటే పాస్‌వర్డు. ఎవరికి వారికి విడిగా పెట్టమని నేను అంతకుముందే అడిగాను. చూద్దామన్నారు. సర్వరుకు మార్పు జరిగిందని తెలుసు, మనిషెవరో తెలియదు.

కలిదిండి రైతు మేనేజరు గారి బల్ల మీద చెయ్యి ఆనించాడు. "ఏవండీ, నాకు మీ ట్యాగులూ అవీ తెలియవండి. చేప పోయింది నాది. ఈ అమ్మాయి రాకపోతే మిగతాది కూడా పోయేది. తప్పు చేసిన మనిషి అలా పరిగెత్తుకొస్తుందాండీ? ఫోను ఎత్తకుండా ఇంట్లో కూర్చుంటుంది. ఆ అమ్మాయినేమీ అనకండి."

"ఆయ్, మీరు చెప్పింది కాదంటామా? చూద్దామండి" అన్నారు మేనేజరు గారు.

ఆ వారమే ఆవిడను మానిపించారు. ల్యాబులో మనుషులు ఎక్కువయ్యారని చెప్పారట. బజారులో మాత్రం తప్పుడు లెక్క చదివి చెరువు చంపిన అమ్మాయి అన్న పేరు మిగిలింది. ఆకివీడు చిన్న ఊరు. వలల కొట్టుకు వచ్చినవాళ్ళు కూడా వాళ్ళ నాన్నను, "ఏవండీ, మీ అమ్మాయికి కళ్ళు సరిగ్గా కనబడవా?" అని అడిగేవారట. ఆ పెద్దమనిషి నాతో చెప్పి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను వలల వైపు తల తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ నాలుగు చోట్ల ఉద్యోగానికి వెళ్ళింది. అన్నీ ఫోను, కంప్యూటరు పనులే. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు ముందే కబురు చెప్పి ఉంచేవారు. చివరకు నాన్న కొట్టులోనే కూర్చుంది. నేను అడగడం మానలేదు. మేనేజరు గారిని అడిగాను, ఆయన మారిపోతే కొత్తగా వచ్చిన మేనేజరు గారిని అడిగాను. నన్ను కామవరపుకోట డిపోకే పర్మనెంటుగా వేశారు. అక్కడ కూడా అడగడం మాననందుకు, నేనే ఉద్యోగం మానేసేలా చేశారు. ఇన్‌చార్జి గారికి మాత్రం హెడ్డాఫీసుకు ప్రమోషను.

చాలా ఏళ్ళ తర్వాత తాడేపల్లిగూడెం స్టేషనులో ఆయన కనిపించారు. ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి ఉన్నారు. నేనే ఎదురెళ్ళాను.

"ఓహో, ఖాళీల మాస్టారు! బాగున్నారాండీ?"

"ఆ ట్యాగ్ మీరే తీశారు కదండీ" అన్నాను. ఇంకేమీ అనలేదు.

ఆయన నవ్వారు. "ఇంకా అదే గొడవాండీ? ఎప్పటి మాట! అప్పటి కంప్యూటర్లే లేవు, ఆ కంపెనీయే అమ్మేశారు. ఒక టీ తాగుదాం రండి."

"తాగను. చెప్పండి."

"ఆ అమ్మాయికి పెళ్ళయి హాయిగా ఉండి ఉంటుంది. మీకెందుకండీ ఇంత పట్టు?"

"ఆవిడ కొట్టులో కూర్చుంది. మీరు తీశారా, లేదా?"

బండి వస్తోందని మైకులో చెప్పారు. ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నారు. కాదని అనలేదు. నేను గమనించాను, ఆ రోజు ఒక్కసారి కూడా కాదని అనలేదు. పెట్టె ఎక్కుతూ వెనక్కి తిరిగి, "చూద్దాం లెండి, మళ్ళీ కలుద్దాం" అన్నారు.

మొన్న ఆకివీడు వెళ్ళినప్పుడు ఆవిడతో ఈ సంగతి చెప్పాను. నైలాను వల కొలుస్తూ వింది. "వదిలేయండి. చేప పోయింది, ఉద్యోగం పోయింది. ఇప్పుడాయన చెబితే ఏమొస్తుందండీ?" అంది. ఇంకో మూర కొలిచి, "మా నాన్న బతికుండగా చెప్పి ఉంటే బాగుండేది" అంది. తర్వాత ఎవరో బేరానికి వస్తే అటు తిరిగింది.

అందుకే నలుగురూ చదివేలా దీన్ని అచ్చుకు రాస్తున్నాను. అయ్యా, ఇన్‌చార్జి గారూ, మీరు ఎక్కడున్నా ఇది మీ కంట పడుతుందని నాకు తెలుసు, పడేలా చేస్తాను. కేసు పెట్టను. కంపెనీయే లేదు కాబట్టి మీ ఉద్యోగానికి వచ్చే ముప్పూ లేదు. డైరెక్టరు గారి ముందు అక్షరాలు అందంగా కనిపించాలని ఆ ట్యాగ్ మీరు తీశారా? ఆవిడ పొద్దున్నే ఫోను చేస్తే ఎత్తింది మీరు కాదా? అవునా, కాదా? ఆకివీడు వలల కొట్టు ఎక్కడుందో మీకు తెలుసు. వెళ్ళి, బేరానికి వచ్చినవాళ్ళ ముందు నిలబడి, ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టే చదివిందని చెప్పండి. చూద్దామని మాత్రం ఇక అనకండి. జవాబు చెప్పండి.